మంగళవారం పసుపు గుడ్డ

మొన్న మంగళవారం పొద్దున మా మనవరాలు స్వప్న చేతిలోంచి చాయ గ్లాసు జారి కింద పడింది. స్టీలు గ్లాసు కాబట్టి పగలలేదు, గడప దాకా దొర్లుకుంటూ పోయి ఆగింది. స్వప్న మా బిడ్డ కూతురు. నస్పూర్‌లో ఉంటుంది, మంచిర్యాలలో ఆడవాళ్లకు నూనె మర్దన చేసే సెంటరులో పని చేస్తుంది. పండుగా పబ్బమూ లేకుండా పొద్దున్నే బస్సెక్కి, గోదావరి దాటి మా గోదావరిఖనికి వచ్చిందంటేనే నాకు మనసులో ఏదో అనిపించింది. గ్లాసు పడగానే ఆ పిల్ల నవ్వి, "నూనె చేతులు కదా అమ్మమ్మ, జారుతయి" అంది. ఆ పొద్దున అది నూనె ముట్టనే లేదు.

నేలంతా తుడిచి ఇంకో గ్లాసులో చాయ పోసి ఇచ్చాను. ఈసారి గ్లాసును రెండు అరచేతుల మధ్య పెట్టుకొని, బొటనవేళ్లు రెండూ గాలిలో ఉంచి, దోసిలితో నీళ్లు తాగినట్టు తాగింది.  అట్లా చాయ తాగే మనిషిని నేను అంతకుముందు ఒక్కరినే చూశాను. మా అత్తమ్మ పోసవ్వ బతికున్నన్నాళ్లూ అట్లాగే తాగింది.

"ఏదీ, చెయ్యి గిట్ల చూపెట్టు" అన్నాను.

"ఏం లేదే. జర బెణికింది."

"బెణికిన చెయ్యి ఎట్లుంటదో నాకు చెప్తవానే? ఇటు తే."

కుడి బొటనవేలి మొదట్లో ఉబ్బి ఉంది. వేలితో తాకానో లేదో, పిల్ల పళ్లు బిగబట్టింది. కంట్లో నీళ్లు తిరిగాయి గానీ కింద పడనీయలేదు. అప్పుడు మెల్లగా ఒక్కొక్కటే చెప్పింది. దవాఖానలో చూపించుకుందట. ఈ వేలితో ఇట్లాగే ఒత్తుతూ పోతే రేపు తల దువ్వుకోవడానికి కూడా చెయ్యి రాదని, కొన్నాళ్లు పని మానుకొమ్మని చెప్పారట. సెంటరు నడిపే మేడంకు అదే మాట చెబితే, "నొప్పి ఎవరికి లేదు స్వప్నా? నాకు లేదా నడుంనొప్పి? నొప్పి గోలేసుకొని రా" అన్నదట. రాకపోతే ఆ చోటుకి ఇంకో పిల్ల తయారుగా ఉందట.

"మరి నువ్వేమంటవ్?"

"ఏమంట? ఇయ్యాల కరెంటు పనుందని సెంటరు బందు. రేపు పోతా. పోకుంటే ఎట్ల?" అని ఉబ్బిన వేలిని నిమురుకుంది. మళ్లీ తనే, "నాకు ఈ పని ఇష్టమే అమ్మమ్మ. ముందుగాల కుట్టుమిషన్ మీద కూసున్నప్పుడు గిట్ల లేకుండె. ఒకామె నడుం పట్టుకొని వంగుకుంట వస్తది, పోయేటప్పుడు నిటారుగ నడుచుకుంట పోతది. అది చూస్తుంటే మస్తుగుంటది. ఆ పని చేసే చెయ్యే పోతదంటున్నరు" అంది.

 వెనక అర్రలో ఉన్న బల్లను ముందటికి లాగుదాం రమ్మన్నాను. దాని మీద బియ్యం బస్తా, పాత చద్దర్లు పడేసి ఉంచాము. అన్నీ దించి, నేనొక కొస, స్వప్న ఎడమచేత్తో ఒక కొస పట్టుకొని వాకిట్లోకి తెచ్చాము. ఎండ తగిలి కాసేపటికి ఆ చెక్కలోంచి ఇప్పనూనె వాసన లేచింది. ఇన్నేళ్లైనా పోలేదు. ఆ వాసన వెంబడే మా అత్తమ్మ వచ్చి నా పక్కన నిలబడ్డట్టయింది.

నేను ఈ ఖనికి కోడలిగా వచ్చేనాటికి మాది రెండు అర్రల కంపెనీ క్వార్టరు. ముందర చిన్న వాకిలి, వాకిట్లో ఈ బల్ల. బొగ్గుబావిలో పైకప్పుకు ఆపుగా నిలబెట్టే దుంగల్లో పనికిరాకుండా పోయిన ముక్కలతో మా మామ చేయించిన బల్ల ఇది. మామను నేను చూడలేదు. ఆయన పోయాక మా ఆయనకు బావిలో పని దొరికింది. ఇంట్లో మా అత్తమ్మ, మా ఆయన, నేను. పొద్దున సైరన్ కూసేసరికి వీధి వీధంతా బొగ్గు పొయ్యిల పొగ. ఆ పొగలో ఒక ఇంటి పులుసు వాసన, ఇంకో ఇంటి చేపల వాసన, మా ఇంటి వావిలాకు వాసన. మా పొయ్యి మీద అన్నం కంటే ముందు వావిలాకు నీళ్లే కాగేవి. అవి మా అత్తమ్మ చేతుల కోసం.

మా అత్తమ్మ ఒళ్లు పట్టేది. బాలింతలకు నూనె రాసి నీళ్లు పోసేది, పసిపిల్లల కాళ్లూ చేతులూ సాగదీసేది, బావిలో తట్టతో, చెమ్మసు అనే పారతో బొగ్గెత్తి నడుం పట్టుకొని వచ్చిన మగవాళ్లకు పట్టపగలు నలుగురూ చూస్తుండగా వాకిట్లో బల్ల మీద పడుకోబెట్టి వీపు పట్టేది. ఆ కాలనీలో మా అత్తమ్మ చెయ్యి పడని వీపు లేదు. ఎవరి నూనె వాళ్లే సీసాలో తెచ్చుకునేవాళ్లు. ఇప్పనూనె, ఆముదం, నువ్వులనూనె, ఏది ఎవరి ఇంట్లో ఉంటే అది. మనిషి చూస్తే పొట్టి, సన్నం. కుడి బొటనవేలు మొదట్లో బుడిపె కట్టి పక్కకు వంగి ఉండేది. బొగ్గుపనిలో ఏదో తగిలిందేమో అనుకున్నాను. పెద్దవాళ్లను అడిగే రోజులు కావు అవి.

వచ్చిన కొత్తలో నన్ను ఈ బల్ల పక్కన నిలబెట్టింది. చేతులు కిందికి వదిలేసి పిడికిలి పట్టమంది. నా పిడికిలి బల్లకు తగలకుండా పైనే ఆగిపోయింది. నేను పొడగరిని. "నీకు ఈ బల్ల చాలదు. వంగి వంగి సంవత్సరానికి నీ నడుమే ఇంకొకరు పట్టాలె" అంది. మరునాడు కూలిన గోడ దగ్గరి ఇటుకలు తానే ఏరుకొచ్చి బల్ల కాళ్ల కింద పెట్టింది. అప్పటినుంచి తాను పట్టేటప్పుడు ఇటుకలు తీసేది, నేను ఆడవాళ్లకు పట్టేటప్పుడు మళ్లీ పెట్టేది. రోజంతా అదే పని. పక్క క్వార్టరు రాజవ్వ గోడ మీదుగా చూసి, "ఓ పోసక్కా, కోడలికి చెప్పులు కుట్టియ్యకపోతివి గని బల్లకు మాత్రం చెప్పులేసినవ్" అనేది. మా అత్తమ్మ తల ఎత్తకుండానే, "కోడలు ఉరికిపోదు, బల్లనే జారుతది. అందుకే" అనేది.

బొటనవేలితో ఒత్తనిచ్చేది కాదు. నాకేమో బలమంతా అందులోనే ఉందనిపించేది. ఖని మనుషులు అట్లాంటి వాళ్లు మరి. రోజంతా బొగ్గుతో కొట్లాడి వచ్చిన ఒళ్లు, మెత్తగా పట్టితే పట్టినట్టే అనుకోరు. నొప్పి పుట్టాలె, అబ్బా అని అరవాలె, అప్పుడే పని అయినట్టు. వాళ్ల ఆడవాళ్లూ అంతే. రాజవ్వ ఒకసారి నాతో వీపు పట్టించుకొని పోయి, "లచ్చవ్వ బొటనవేలు దిగితే నొప్పి పరార్" అని నల్లా దగ్గర నీళ్లు పట్టుకునే వాళ్లందరికీ చెప్పింది. నాకు గర్వం అయింది. ఆ మాట విని మా అత్తమ్మ ముఖం మాడ్చుకుంది. "బొటనేలు పసిపిల్ల లెక్క. ఇంట్ల కూసోబెట్టుకోవాలె గని బరువులు మోపియ్యొద్దు. ముంజేయి పెట్టు, మోచెయ్యి పెట్టు, అరచేతి మడిమె పెట్టు. ఒక కాలు ముందట, ఒక కాలు ఎనుక. చేతులతోని కాదు, నీ ఒళ్లు బరువంతా మెల్లగ దాని మీదికి ఒదులు. వాళ్లు ఊపిరి విడిచినప్పుడు నువ్వూ విడువు" అని చెప్పేది. చెప్పడమే కాదు, నా బొటనవేలిని అరచేతిలోకి మడిచి నూలుదారంతో చుట్టి పని చేయించింది కొన్నాళ్లు.

ఒకరు లేచి పోగానే ఇంకొకరిని పడుకోనిచ్చేది కాదు. గోడ వారన బండ మీద కూర్చొని, గోరువెచ్చని వావిలాకు నీళ్లలో చేతులు ముంచుకొని, వచ్చిన మనిషిని ముచ్చట చెప్పమనేది. బిడ్డ పెండ్లి, బాయిల ముచ్చట, కోడలి మీద కొండేలు, ఏదైనా సరే. నీళ్లు చల్లారేదాకా వినేది. ఆ తర్వాతే పని. నూనె పని చేసిన చేతులు ఆ పూట చన్నీళ్లలో పెట్టేది కాదు. బట్టలు, గిన్నెలు నేనే. దొరసానితనం అని వీధిలో అనుకున్నారు. నేనూ మనసులో అనుకున్నాను. అబద్ధం ఎందుకు చెప్పాలి.

అన్నిటికంటే నాకు వింతగా ఉండేది మంగళవారం. ఆ రోజు పొద్దున తానం చేసి పోచమ్మకు దీపం పెట్టి, పాత ధోతిలోంచి చింపిన గుడ్డపేలిక పసుపునీళ్లలో ముంచి, కుడి మణికట్టుకు కట్టుకునేది. నాకూ కట్టేది. ఆ గుడ్డ కట్టిందంటే మళ్లీ బుధవారం తెల్లవారేదాకా మా చేతులు ఎవరి ఒంటి మీదా పడకూడదు. మంగళవారం చేయి పోచమ్మది అని చెప్పేది. తెలియక ఎవరైనా సీసా పట్టుకొని వస్తే నోటితో కాదనేది కాదు, చేతిని కొంచెం పైకెత్తేది. పసుపు గుడ్డ కనబడగానే వాళ్లే దండం పెట్టి వెనుదిరిగేవాళ్లు. నాలుగిళ్ల అవతలి మల్లయ్య కాక ఒకసారి మెడ పట్టేసి, పక్కకు తిరగలేక, గోడను చూస్తూ మాట్లాడాడు.

"పోసక్కా, జరంత మెడ..."

"ఇటు జూడు మల్లయ్యా."

"చూడరాకనే కదా వచ్చిన."

"అయితే చెయ్యి ముట్టి చూడు." మణికట్టు అందించింది. కాక తడిమి, గుడ్డ తగలగానే చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "అయ్యో, మంగళారమా! తల్లీ తప్పయింది" అని గోడనే చూస్తూ పోయాడు. మేమిద్దరం చాలాసేపు నవ్వాము.

ఆ నవ్వు ఎల్లకాలం లేదు. నా పెండ్లయి ఏడాది తిరిగిందో లేదో, ఒక మంగళవారం మధ్యాహ్నం మా ఆయనను ఇద్దరు మనుషులు చెరో రెక్క పట్టుకొని తెచ్చారు. షిఫ్టులో బరువెత్తుతుంటే నడుం పట్టేసింది. మనిషి విల్లులాగ వంగిపోయాడు. బల్ల మీద పడుకోబెడితే అరిచిన అరుపుకు రాజవ్వ ఇంటి కోళ్లు బెదిరాయి. నేను ఇప్పనూనె తెచ్చి మా అత్తమ్మ ముందు పెట్టాను. ఆమె నూనె వైపు చూడలేదు. పెనం పొయ్యి మీద పెట్టి ఇసుక వేయించి, మూట కట్టి, కొడుకు నడుం మీద కాపడం పెట్టింది. అంతే. చెయ్యి ఆనించలేదు.

"అవ్వా, జర పట్టవే, పానం పోతున్నది" అన్నాడు మా ఆయన.

"రేపు పడతా కొడుకా. ఇయ్యాల కాపడమే."

నాకు ఒళ్లు మండిపోయింది. ఊరివాళ్ల సంగతి వేరు, కడుపున పుట్టిన కొడుకు గిలగిల కొట్టుకుంటుంటే ఏ దేవత వద్దంటుంది? నేను నా మణికట్టుకున్న ముడి పళ్లతో పట్టి లాగుతున్నాను. మా అత్తమ్మ లేచి వచ్చి ఆ వంకర వేలు చేత్తోనే నా చెయ్యి పట్టుకొని వెనక అర్రలోకి తీసుకుపోయింది. పట్టు గట్టిగా లేదు. ఆ చేతికి గట్టి పట్టు లేదని నాకు అప్పుడే తెలిసింది.

"నీ మొగని కనుబొమ్మ మీద గాటు చూసినవానే?" అంది.

చూశాను. కుడి కనుబొమ్మను రెండు ముక్కలు చేసిన తెల్లటి గీత. చిన్నప్పుడు మంచం మీది నుంచి పడ్డాడని చెప్పుకునేవాళ్లు.

"మంచం మీదికెళ్లి కాదు. నా చేతులకెళ్లి."

గొంతు పెంచకుండా, పొయ్యి దగ్గర కూర ముచ్చట చెప్పినంత మామూలుగా చెప్పింది. మా ఆయన పసివాడుగా ఉన్న వానాకాలంలో కాలనీ మొత్తానికి కీళ్లనొప్పుల జ్వరం వచ్చిందట. ఇంటికొకరు కాదు, ఇంటిల్లిపాదీ మూలుగుడే. అప్పట్లో మా అత్తమ్మకు వారమూ లేదు, వర్జ్యమూ లేదు. ఎవరు పిలిస్తే వాళ్లింటికి పోయి, నేల మీద వంగి, బొటనవేళ్లతో పట్టిందట. ఆమె వేలు దిగితే నొప్పి పోతుందని అప్పుడు ఆమె గురించీ అన్నారట. వేలు ఉబ్బితే నూనె రాసుకుంది, సలిపితే గుడ్డ చుట్టుకుంది, పిలిస్తే పోయింది. నొప్పిగా ఉంది, ఇయ్యాల రానంటే, "నొప్పి మాకా, నీకా?" అని నవ్వారట. ఒకనాడు ఎవరికో పట్టి వచ్చి, కొడుకుకు తానం పోయడానికి కాళ్ల మీద పడుకోబెట్టుకొని, నూనె రాసిన ఒంటిని ఎత్తబోయింది. వేలు పట్టలేదు. పిల్లవాడు జారి బండ మీద పడ్డాడు.

"కాలనీ పిల్లలందరికి నీళ్లు పోసిన చెయ్యి. నా పిలగాన్ని పట్టలేకపోయింది" అంది. "రక్తం చూసి నాకు మాట పడిపోయింది. వాడు బతుకుడు నా అదృష్టం. ఆ తర్వాత ఏ బాలింత ఇంటోళ్లు నన్ను పిలువలే. ఎన్నొద్దులో. పిలువక వాళ్లు మంచిగనే చేసిన్రు."

"మరి పోచమ్మ..." అన్నాను. 

"నొప్పి అంటే ఎవరింటరే? నొప్పి తీసేదానికి నొప్పి ఉంటదని ఎవలకు తోస్తది? పోచమ్మ అంటే ఇంటరు. అందుకే ఒకరోజు ఆమెకిచ్చిన." అని నా ముఖంలోకి చూసింది. నేను భయపడ్డానని ఆమెకు తెలిసింది. "తల్లికి కోపమొస్తదని చూస్తున్నవా? రాదు. ఈ చేతులు ఇచ్చింది ఆమెనే కదా. కావలి కూడ ఆమెనే ఉండనీ."

"కని పెంచిన కొడుక్కు కూడనా?"

"ఇయ్యాల కొడుక్కు ముడి ఇప్పుతే రేపు రాజవ్వ వస్తది, 'నీ కొడుకుదే నడుమా' అంటది. ఎల్లుండి మల్లయ్య వస్తడు. ఇగ ముడెక్కడిది?"

మా ఆయన ఆ సాయంత్రమంతా మూలుగుతూనే ఉన్నాడు. మేమిద్దరం వంతులేసుకొని ఇసుక వేయించాము. బుధవారం సైరన్ కూసీ కూయకముందే మా అత్తమ్మ గుడ్డ విప్పి, దీపం దగ్గర పెట్టి, కొడుకును బల్ల మీద బోర్లా తిప్పి, ఇటుకలు పక్కకు తన్ని, ముంజేయి ఆనించింది. ఆ రోజు ఆమె పట్టిన తీరు నేను అంతకుముందు చూడలేదు. తొందర లేదు. వేలు ఎక్కడా తగలలేదు. ఒళ్లంతా వాలి, ఊపిరితోపాటు లేచి, మళ్లీ వాలి. మా ఆయన మధ్యలో నిద్రపోయాడు. నిద్రలో కనుబొమ్మ మీది గాటు మీద చెమట నిలిచింది. మా అత్తమ్మ దాన్ని కొంగుతో అద్దింది. ఆ తర్వాత నా బొటనవేలికి నూలుదారం అక్కర లేకపోయింది. దానంతట అదే మడుచుకునేది.

ఏళ్లు గడిచాయి. నాకు బిడ్డ పుట్టింది, పెరిగింది. మా అత్తమ్మ చేతిపని నా చేతికి వచ్చింది. ఆమె బండ మీద కూర్చొని, "కాలు ఎనుకకు పెట్టు, భుజం దించు" అని నోటితో పని చేసేది. చివరికి ఆమె కాళ్లు మొరాయించాయి. వాపు, సలుపు. మోకాళ్ల కింద నుంచి ఎవరో పిండుతున్నట్టు ఉంటుందనేది. రోజూ రెండు పూటలా నేనే ఈ బల్ల మీద పడుకోబెట్టి పట్టేదాన్ని. పట్టినంతసేపు కళ్లు మూసుకొని హాయిగా ఉండేది, మంగళవారం తప్ప.

ఒక మంగళవారం ఆమెకు మరీ కష్టంగా ఉంది. అరిచే మనిషి కాదు, పెదవులు కొరుక్కుంటోంది. చూపు మందగించి అప్పటికి కొన్నాళ్లయింది. నేను ఆ పొద్దున గుడ్డ కట్టుకోలేదు. దీపం పెట్టాను గానీ గుడ్డ తీసి దిండు కింద దాచాను. పోచమ్మకు ఏం చెప్పుకోవాలో అది నేనే చెప్పుకుంటాననుకున్నాను. నూనె వెచ్చ చేసి తెచ్చి, ఆమె కాలు మీద చెయ్యి వేశాను. వెంటనే నా చెయ్యి పట్టుకుంది.

"ఇయ్యాల ఏమారం లచ్చవ్వా?"

"సోమారం అత్తమ్మా."

 వేళ్లతో నా మణికట్టు చుట్టూ తడిమింది. గుడ్డ లేదు. నేను నమ్మిందనుకున్నాను. తల పక్కకు తిప్పి చెవి పెట్టింది. "నల్లా కాడ రాజవ్వ పోచమ్మకు మంగళారం సాకనీళ్లు పోస్తున్న సప్పుడైతున్నది" అంది. తర్వాత తన చీరకొంగు లాగి, నా మణికట్టుకు రెండు చుట్లు చుట్టి, ఆ కొస తన గుప్పిట్లో పెట్టుకుంది. ముడి వేయడానికి అప్పటికి ఆమె వేలు సహకరించేది కాదు. అందుకే పట్టుకొని ఉంది.

"అత్తమ్మా, నీ ఒక్కదానికే కదా" అన్నాను. ఏడుపు ఆగలేదు.

"నేనొక్కదాన్నే కాదే. రేపు నీ బిడ్డ ఉంటది, నీ బిడ్డకు బిడ్డ ఉంటది. నాకు ముడి ఇప్పితే అందరికి ఇప్పుతవు. కూసో. ఊరికె నా దగ్గర కూసో."

మధ్యాహ్నం దాకా అట్లాగే కూర్చున్నాను. ఆమె కొంగు నా చేతికి, నా చెయ్యి ఆమె గుప్పిట్లో. పొయ్యి మీద అన్నం మాడిన వాసన వచ్చింది, లేవలేదు. ఆమె నొప్పి నాకు తెలుస్తోంది, నా చెయ్యి ఊరికే ఉంది. చెయ్యి ఊరికే ఉండటం అంత కష్టమైన పని అని నాకు ఎవరూ చెప్పలేదు. బుధవారం తెల్లవారగానే, నేను దీపం ముందు నుంచి లేవకముందే, "ఏందే, ఇంకా రావా?" అని తానే కాళ్లు చాపి పిలిచింది. ఆ నెల దాటకుండానే పోయింది. మంగళవారం కాదు. ఆఖరిరోజు కూడా నేను ఆమె కాళ్లు పట్టాను. అది నాకు తృప్తి.

ఇదంతా స్వప్నకు ఒక్కసారి చెప్పలేదు. బల్ల తుడుస్తూ కొంత, వంట చేస్తూ కొంత, ఓపెన్‌కాస్టు గనిలో బ్లాస్టింగుకు గిన్నెలు గలగలమన్నప్పుడు ఆగి, మళ్లీ కొంత చెప్పాను. ఇప్పుడు బొగ్గు పొయ్యిలు లేవు, ఆ పొగ లేదు. మేముండే క్వార్టర్ల వరసలో చాలా ఇండ్లకు తలుపులు కూడా లేవు. మా ఆయన పోయి కొన్నేళ్లయింది. రాజవ్వ గోడ ఉంది, రాజవ్వ లేదు. నా మోకాళ్లు అరిగిపోయాయి, మెట్లెక్కలేను. కానీ ఈ చేతులతో ఇప్పటికీ సూదిలో దారం ఎక్కిస్తాను, చపాతి పిండి కలుపుతాను, గ్లాసును ఒంటిచేత్తో పట్టుకొని చాయ తాగుతాను. అది నా గొప్ప కాదు. ఇంకొకామె నొప్పి ఓర్చుకొని నాకు ఇచ్చిపోయింది.

"మీ సెంటరుల బల్ల ఎంత ఎత్తుంటది?" అని అడిగాను.

"అందరికి ఒకటే బల్ల అమ్మమ్మ. నాకు నడుం దాక వస్తది. పైకెల్లి ఒత్తరాదు, అందుకే వేళ్లతోనే ఒత్తుత."

దాన్ని మా బల్ల పక్కన నిలబెట్టి పిడికిలి పట్టమన్నాను. పిడికిలి చక్కగా బల్లకు ఆనింది. మా అత్తమ్మ పొడుగే వచ్చింది దీనికి. ఇటుకలు అక్కర లేదు. నాకెందుకో ఆ ఒక్క సంగతికే చాలాసేపు ఏడుపు వచ్చింది.

అప్పుడు మేడం ఫోన్ చేసింది. స్వప్న భయపడుతూ స్పీకరు పెట్టింది. రేపు ఎవరో పెద్దింటి వాళ్లు వస్తున్నారు, ముందుగానే రావాలంది. స్వప్న నా వైపు చూసింది, తన చేతి వైపు చూసుకుంది. ఈసారి వేలు నయమయ్యేదాకా విప్పొద్దని చెప్పి, మణికట్టుకు నేను అప్పటికే పసుపు గుడ్డ కట్టి ఉంచాను.

"మేడం, చేతికి కట్టు కట్టిన్రు. పోచమ్మ కట్టు. విప్పేదాక నూనె ముట్టరాదు."

 డాక్టరు మాట చెప్పినప్పుడు గోలేసుకొమ్మన్న మనిషే, ఈసారి గొంతు తగ్గించి, "అట్లనా? ఎవరు కట్టిన్రు?" అంది.

"మా అమ్మమ్మ. మా ఇంట్ల ఉన్న నియమమే. ఇగ నయమైనంక గూడ మంగళారం మంగళారం చెయ్యి పెట్టరాదు."

"సరే సరే, అమ్మవారి దగ్గర మనమేం మాట్లాడుతం. విప్పేదాక వచ్చి కొత్త పిల్లకు చెప్పుకుంట కూసో. నూనె ముట్టకు" అని, ఫోన్ పెట్టేసే ముందు, "నాకూ నడుం బాగుంటలేదని మొక్కుకోమను మీ అమ్మమ్మను" అంది.

స్వప్న ఫోన్ పక్కన పెట్టి పకపకా నవ్వింది. నాకు నవ్వు రాలేదు. మా అత్తమ్మ రోజుల్లోనూ ఇదే. చదువులొచ్చాయి, దవాఖానలొచ్చాయి, మెత్తటి బల్లలొచ్చాయి. ఒకరి నొప్పి తీసే మనిషి నాకూ నొప్పి అంటే మాత్రం ఇప్పటికీ ఎవరికీ వినబడదు. మధ్యలో పోచమ్మ నిలబడాల్సిందే. నిలబడనీ. ఆమెకు అలుపు లేదు.

ఎండ బల్ల దాటి గోడెక్కింది. నేను గడప మీద కూర్చోబోయి మోకాలు పట్టుకొని "అమ్మా" అన్నాను. అలవాటు మాట. స్వప్న వచ్చి నా పక్కన కూలబడి, ముచ్చటలో పడి, తనకు తెలియకుండానే ఎడమచెయ్యి నా మోకాలి మీద వేసింది. ఆ చెయ్యి మంచిది. వెచ్చగా ఉంది. తగలగానే లోపలి సలుపు సగం దిగినట్టయింది. కాసేపు ఉండనిద్దామనిపించింది.

"ఇయ్యాల ఏమారం?" అన్నాను.

స్వప్న నా ముఖంలోకి చూసింది. "మంగళారం" అంది చిన్నగా.

కొంగు లాగి ఆ చేతికి రెండు చుట్లు చుట్టి, కొస నా గుప్పిట్లో పెట్టుకున్నాను. మోకాలు మళ్లీ సలపడం మొదలుపెట్టింది. ఇద్దరం అట్లాగే కూర్చున్నాం.